వేటకు బైనాక్యులర్స్: ఏ జత పదేళ్లు నిలుస్తుంది, డబ్బు దేనికి పెట్టాలి

ఒక్క జతే కొనాలనుకుంటే 8×42 తీసుకోండి, అంటే 8 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ వ్యాసం 42 మి.మీ. ఉన్నది. చెట్టూ చేమా తక్కువగా ఉండే బయళ్లలో, ఎదురు కొండవాలును ఇవతలి నుంచే గాలించాల్సిన చోట్ల తిరిగేవాళ్లయితే 10×42. ఇది తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఒంటి మీద అదే 8×42 అని రాసుకున్న రెండు జతల మధ్య ధర పదింతలకు పైగా తేడా ఉండొచ్చు. ఆ తేడాలో కొంత ప్రిజంలో (తలకిందులైన బొమ్మను తిన్నగా నిలబెట్టే గాజు దిమ్మ), పూతల్లో, కీలులో నిజంగానే ఉంటుంది. మిగతాది చివరి కొద్ది శాతం వెలుగుకీ, పేరుకీ కట్టే సొమ్ము. వేటకు నికరంగా పనికొచ్చేది మధ్య తరగతి ధరలో దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ, నికాన్ మోనార్క్ ఎం5, జైస్ టెర్రా ఈడీ అనే మూడింటి మీదే ప్రధానంగా మాట్లాడుకుందాం. కానీ ముందు అంకెల సంగతి తేలాలి.

8కీ 10కీ మధ్య

400 మీటర్ల దూరంలోని జింక 8 రెట్ల జతలో 50 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది, 10 రెట్లలో 40 మీటర్లలో ఉన్నట్టు. ఆ కాస్త లాభానికి మూడు వదులుకోవాలి. చేతి వణుకు కూడా అదే లెక్కన పెద్దదవుతుంది. కనిపించే వెడల్పు తగ్గుతుంది. కంటికి చేరే వెలుగు స్తంభం సన్నబడుతుంది.

ఈ మూడోదాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ముందు లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే వస్తుంది: 8×42కి 5.25 మి.మీ., 10×42కి 4.2 మి.మీ. పట్టపగలు కంటిపాప 2, 3 మి.మీ.కి ముడుచుకుని ఉంటుంది కాబట్టి రెండింటికీ తేడా తెలియదు. కానీ జంతువులు మేతకు కదిలేది తెల్లవారుజామున, మసక చీకటి పడేవేళ. అప్పుడు పాప విచ్చుకుంటుంది, ఆ ఒక్క మిల్లీమీటరూ కొమ్ములున్నాయా లేవా అన్నది తేల్చేస్తుంది. అలాగని 8×56 మీదికి ఎగబడనక్కర్లేదు. దాని 7 మి.మీ. స్తంభాన్ని పూర్తిగా వాడుకోగలిగేది కుర్రకళ్లే. వయసు యాభై దాటినవాళ్లలో చాలామందికి పాప 5 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. మిగతా వెలుగు పాప చుట్టూ ఉన్న రంగు వలయం మీద పడి వృథా అవుతుంది, బరువు మాత్రం రోజంతా మెడ మీద ఉంటుంది.

డబ్బా మీద ట్విలైట్ ఫ్యాక్టర్ అని ఇంకో అంకె కనిపిస్తుంది. రెట్లనూ వ్యాసాన్నీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది అది. అందులో అద్దం నాణ్యత ఊసే లేదు. నాసిరకం 10×50కి 22.4, మంచి 8×42కి 18.3 వస్తాయి, చీకటి పడ్డాక ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫలితం తలకిందులవుతుంది. ఆ అంకెను చూసీ చూడనట్టు వదిలేయొచ్చు.

వెడల్పును మాత్రం వదలొద్దు. కొన్ని కంపెనీలు డిగ్రీల్లో ఇస్తాయి, కొన్ని 1000 మీటర్ల దగ్గర ఎన్ని మీటర్లు కనిపిస్తుందో ఇస్తాయి. డిగ్రీలను 17.5తో గుణిస్తే మీటర్లు వస్తాయి. డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8×42 చూపేది 131 మీటర్లు, దాని 10×42 అన్నగారు చూపేది 110. మోనార్క్ ఎం5 8×42 వెడల్పు 6.4 డిగ్రీలు, అంటే 112 మీటర్లు. గమనించారా, నికాన్ 8 రెట్ల జత చూపే వెడల్పు వోర్టెక్స్ 10 రెట్ల జతకు దాదాపు సమానం! పొదల మధ్య కదిలే జంతువును పట్టుకోవడానికి వెడల్పే దిక్కు. కాబట్టి 8 అన్న అంకె చూసి వెడల్పు దానంతటదే వచ్చేస్తుందని అనుకోకూడదు.

12×50, 15×56 లాంటివి స్టాండు మీద పెట్టి గంటల తరబడి కొండలు గాలించేవాళ్ల సరుకు. చేత్తో పట్టుకుని చూస్తే 12 రెట్లలో కనిపించే వివరం, కుదురుగా పట్టిన 8 రెట్లలో కంటే తక్కువే.

అసలు ఖర్చు ప్రిజంలో

బైనాక్యులర్స్‌లో ప్రిజంలు రెండు రకాల అమరికలో ఉంటాయి. గొట్టాలు వంకర తిరిగి కనిపించే పాతకాలపు పోరో రకం చవగ్గా తయారవుతుంది, అదే ధరలో చూస్తే బొమ్మ కూడా రూఫ్ రకం కంటే మెరుగు. దానికి ఖరీదైన పూతలు అక్కర్లేదు మరి. వేటకు ఇబ్బందెక్కడంటే, చాలా పోరో జతల్లో ఫోకస్ తిప్పితే కంటివైపు వంతెన మొత్తం బయటే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ కదిలే చోట తేమ, దుమ్ము లోపలికి పోతాయి. ఐపీస్‌ల (కంటివైపు లెన్స్‌ల) మీద కాస్త ఒత్తిడి పడితే వంతెన వంగి ఒక కన్ను ఫోకస్ తప్పుతుంది. గట్టి దెబ్బ తగిలితే ప్రిజం తన గాడిలోంచి జరుగుతుంది. చేతిలో డబ్బు బాగా తక్కువున్నప్పుడు, వాన తగలని పనికి మాత్రం మంచి పోరోయే తీసుకోండి. చవక రూఫ్ జోలికి పోవద్దు.

రూఫ్ రకంలో గొట్టాలు తిన్నగా ఉంటాయి, ఫోకస్ కదలిక అంతా లోపలే జరుగుతుంది. అందుకే సీలు వేయడం తేలిక. అయితే ఎక్కువ రూఫ్ జతల్లో వాడే ష్మిట్-పెకాన్ ప్రిజంలో ఒక ముఖం మీద వెలుగు దానంతటది పూర్తిగా వెనక్కి తిరగదు, అక్కడ అద్దంలా పూత వేయాలి. అల్యూమినియం పూత వేస్తే వెలుగులో పదో వంతు దాకా అక్కడే పోతుంది. వెండి మేలు. డైఎలెక్ట్రిక్ పూత అయితే 99 శాతానికి పైగా తిరిగొస్తుంది. రెండో సంగతి ఫేజ్ కరెక్షన్. రూఫ్ అంచు దగ్గర వెలుగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు తేడా వచ్చి వివరం మొద్దుబారుతుంది. దాన్ని సరిచేసే పూతను 1988లో జైస్ తెచ్చింది, ఇప్పుడు మధ్య ధర జతల్లోనూ ఉంటోంది. ఈ రెండు మాటలూ, అంటే డైఎలెక్ట్రిక్, ఫేజ్ కరెక్టెడ్, వివరాల పట్టికలో ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఏ కంపెనీ అయినా గొప్పగా రాసుకుంటుంది. రాయలేదంటే లేవనే లెక్క. డైమండ్‌బ్యాక్ హెచ్‌డీకి, మోనార్క్ ఎం5కి రెండూ ఉన్నాయి.

లెన్స్ పూతల దగ్గర మాటల గారడీ ఉంది. కోటెడ్ అంటే ఎక్కడో ఒకచోట ఒక పొర. మల్టీ కోటెడ్ అంటే కొన్ని ముఖాల మీదే ఎక్కువ పొరలు. కావలసింది ఫుల్లీ మల్టీ కోటెడ్, గాలి తగిలే ప్రతి ముఖం మీదా ఎక్కువ పొరలు. పూత లేని ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగు పోతుంది. ఒక్కో గొట్టంలో అలాంటివి పది ముఖాలున్నాయనుకుంటే చివరికి మిగిలేది మూడింట రెండు వంతులే. మంచి పూతతో నష్టం అర శాతానికి దిగితే 95 శాతం దాటుతుంది. దీన్ని అంగట్లోనే తేల్చుకోవచ్చు: ముందు లెన్స్‌లో పైన వెలిగే దీపం ప్రతిబింబాలు చూడండి. అన్నీ మసగ్గా ఆకుపచ్చగానో ఊదాగానో ఉండాలి. వాటి మధ్య ఒక్కటి తెల్లగా మెరిసిందంటే లోపల ఒక ముఖానికి పూత లేదు.

ఈడీ గాజు గురించి ప్రచారం చాలా ఉంటుంది. ఆకాశానికి ఎదురుగా ఉన్న కొమ్మ అంచున ఊదా, పచ్చ గీతలు రాకుండా చూడటం దాని పని. ఉంటే మంచిదే. కానీ ఈడీ ఉండి ఫేజ్ పూత లేని జత కంటే, ఈడీ లేకుండా పూతలన్నీ సరిగా ఉన్న జతే వేటలో పనికొస్తుంది.

ఏది పాడవుతుంది, ఎందుకు

వేటలో బైనాక్యులర్స్ లెన్స్ పగిలి పాడవడం అరుదు. ముందు పోయేది అలైన్‌మెంట్. రెండు గొట్టాలు ఒకే వైపు చూడాలి; ప్రిజం వెంట్రుకవాసి జరిగినా రెండు బొమ్మలు వేర్వేరు చోట్ల పడతాయి. పక్కలకు తేడా వస్తే కళ్లు సర్దుకుంటాయి. పైకీ కిందికీ వస్తే సర్దుకోలేవు, అరగంటలో తలనొప్పి. చవక జతల్లో ప్రిజంలను జిగురుతో అతికించేస్తారు. మంచివాటిలో లోహపు చట్రంలో బిగించి, ఆ చట్రాన్ని గొట్టానికి పట్టిస్తారు. బయటి ఒళ్లు మెగ్నీషియమా, గాజుపీచు కలిపిన ప్లాస్టిక్కా అన్నదానికంటే ఇదే ముఖ్యం. దురదృష్టమేమిటంటే ఇది బయటికి కనిపించదు, కంపెనీ చెప్పదు కూడా. పరీక్షించి తెలుసుకోవాల్సిందే.

తర్వాతి వరస మధ్య కీలు వదులవడం, ఫోకస్ చక్రంలో ఆట రావడం, తిప్పి లేపే కంటి కప్పులు నిలవకపోవడం, స్ట్రాప్ తగిలించే చెవులు విరగడం. చలిలో చవక గ్రీజు గట్టిపడి చక్రం కదలదు. దోమల మందుల్లో వాడే డీట్ రబ్బరునూ ప్లాస్టిక్‌నూ మెత్తబరిచి జిగురుగా మారుస్తుంది. అది రాసుకున్న చేతుల్ని తుడుచుకున్నాకే పట్టుకోండి.

నీటి విషయంలో వాటర్ రెసిస్టెంట్ అంటే చినుకులకు మాత్రమే. వాటర్‌ప్రూఫ్ అని, ఎంత లోతు, ఎన్ని నిమిషాలో కూడా రాసి ఉండాలి. ఐపీఎక్స్7 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు. లోపల నైట్రోజనో ఆర్గానో నింపితే చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు లోపలి అద్దాలు మసకబారవు. ఆర్గాన్ అణువులు పెద్దవి, తప్పించుకోవు అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. వాడకంలో తేడా తెలిసేదేమీ లేదు, సీలు గట్టిదైతే ఏ వాయువైనా ఒకటే. బయటి అద్దాల మీద ఊపిరి పట్టడాన్ని మాత్రం ఏ వాయువూ ఆపలేదు.

మూడు జతలు

వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8×42: బరువు సుమారు 620 గ్రాములు, ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనిపిస్తూ కన్ను ఐపీస్‌కు ఎంత ఎడంగా ఉండొచ్చో ఆ దూరం) 17 మి.మీ., దగ్గరి ఫోకస్ 1.5 మీటర్లు. వెడల్పు ఈ మూడింటిలో ఇదే ఎక్కువ. బొమ్మ మధ్య భాగం ఈ ధరకు చాలా బాగుంటుంది, అంచుల్లో మెత్తబడుతుంది. వేటలో చూసేది మధ్యలోంచే కాబట్టి అదేమంత లోటు కాదు. ఛాతీకి కట్టుకునే సంచి దీంతోపాటే వస్తుంది. విడిగా కొంటే అదొక ఖర్చు. కంపెనీ వారంటీ జీవితకాలానిది, రసీదు అడగరు, చేతులు మారినా చెల్లుతుంది, పొరపాటున కిందపడినా బాగుచేస్తారు. పోగొట్టుకున్నా, దొంగలెత్తుకుపోయినా, కావాలని పాడుచేసినా వర్తించదు. అయితే ఆ వారంటీ మీరుండే చోట ఎవరు నెరవేరుస్తారు, పంపే ఖర్చు ఎవరిది అన్నవి కొనేముందే అడగాలి. 10×42లో ఐ రిలీఫ్ 15 మి.మీ.కి పడిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అది తీసుకుంటే వృత్తం అంచులు కనిపించవు.

నికాన్ మోనార్క్ ఎం5 8×42: కళ్లద్దాలవాళ్లకు మొదటి ఎంపిక. ఐ రిలీఫ్ 19.5 మి.మీ., బరువు 630 గ్రాములు, ఈడీ గాజు. వెడల్పు తక్కువన్న సంగతి పైన చెప్పుకున్నాం. చూపే మేరకు మాత్రం అంచుదాకా నిక్కచ్చిగా చూపిస్తుంది. ఎదురెండలో రంగు గీతలు డైమండ్‌బ్యాక్ కంటే తక్కువ. దట్టమైన చోట తిరిగేవాళ్లకు ఈ వెడల్పు చాలకపోతే దీని పైమెట్టు ఎం7 8×42 చూడాలి, అందులో 8.3 డిగ్రీలు, అంటే 145 మీటర్లు. డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే ఈ వ్యాసంలోని అన్నిటికంటే మా ఓటు దానికే.

జైస్ టెర్రా ఈడీ 8×42: 125 మీటర్ల వెడల్పు, బరువు 725 గ్రాములు. ఫోకస్ చక్రం కొద్దిగా తిప్పితే చాలు, దగ్గర నుంచి దూరానికి వెళ్లిపోతుంది. చేతికి గ్లౌజులున్నప్పుడు అది సుఖం. ఇది చైనాలో తయారవుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ పేరు చూసి అదే కంపెనీ ఖరీదైన జతల బొమ్మ వస్తుందనుకుంటే నిరాశే. మిగతా రెండింటికంటే వంద గ్రాములు ఎక్కువ మోస్తూ పొందేది ఎక్కువేమీ లేదు. మూడింటిలో దీన్ని ఆఖరున పెడతాం.

వీటికంటే చవక కావాలంటే ఆటవస్తువులాంటి కొత్త జతకంటే పాత పెద్ద కంపెనీ జత నయం. తొంభైల్లో, ఆ తర్వాత వచ్చిన ఫేజ్ పూత జతల్ని వెతకండి. అంతకు ముందరి రూఫ్ జతల్లో ఆ పూత దాదాపు ఉండదు. పాతది చూసేటప్పుడు ముందు లెన్స్ వైపు నుంచి టార్చి వేసి కంటివైపు నుంచి కాస్త పక్కగా పెట్టి చూడండి. సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే ఫంగస్. పాలపొరలాంటి మసకైతే నూనె ఆవిరి. అంచుల్లో ఇంద్రధనుస్సులాంటి మరక ఉంటే లెన్స్‌ల జిగురు విడుతోంది. ఈ మూడింట్లో ఏదున్నా వదిలేయాలి. ధూళి చుక్కలు రెండు మూడుంటే పట్టించుకోనక్కర్లేదు.

అసలు కొనకూడనివీ చెప్పాలి. 10-30 రెట్లు తిరిగే జూమ్ జతలు: రెండు గొట్టాల్లో లెన్స్‌లు ఒకేలా కదలక అలైన్‌మెంట్ చెడుతుంది, వెడల్పు సొరంగంలోంచి చూసినట్టుంటుంది. ఎర్రగా మెరిసే రూబీ పూతలు: ఎరుపు వెలుగును బయటికే తోసేస్తాయి, గోధుమ రంగు జంతువు గోధుమ రంగు గడ్డిలో కలిసిపోతుంది. ఫోకస్ అక్కర్లేనివి. అరచేతిలో పట్టే ఒంటి మీద 60×60 లాంటి అంకెలున్నవి. అవి వట్టి అబద్ధం. దూరం కొలిచే లేజర్ కలిసిన జతలు మంచివే, కానీ అదే ధరకు విడిగా ఒక రేంజ్‌ఫైండర్, ఒక మంచి జత రెండూ వస్తాయి, ఒకటి పాడైతే ఇంకొకటి మిగులుతుంది.

చేతిలోకి తీసుకున్నాక

ఒకే మోడల్‌లో జతకూ జతకూ తేడా ఉంటుంది. నమూనాకు పెట్టినదాన్ని కాదు, మీరు ఇంటికి తీసుకెళ్లే జతనే పరీక్షించాలి. ముందు కీలు: మీ కళ్ల దూరానికి విప్పి ఒక గొట్టం పట్టుకుని ఊపండి, రెండోది తన బరువుకు తాను జారకూడదు. తర్వాత డయాప్టర్, అంటే రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే సర్దుబాటు. కుడి లెన్స్ మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న ఒక బోర్డు మీద చక్రంతో ఫోకస్ చేయండి. ఇప్పుడు ఎడమది మూసి, చక్రం ముట్టకుండా కుడి ఐపీస్ దగ్గరి రింగు తిప్పి అదే బోర్డును స్పష్టం చేసుకోండి. ఇక దగ్గరి వస్తువుకు ఫోకస్ మార్చి చూడండి. రెండు కళ్లకూ ఒకేసారి స్పష్టత రాకపోతే లోపలి కడ్డీ వదులుగా ఉంది. చక్రాన్ని ఒకవైపు తిప్పి వెంటనే వెనక్కి తిప్పితే బొమ్మ అప్పుడే కదలాలి, ఖాళీగా తిరగకూడదు.

అలైన్‌మెంట్‌కు దూరంగా ఉన్న ఇంటి కప్పు అంచునో తీగనో అడ్డగీతగా తీసుకోండి. చూస్తూ చూస్తూ జతను కళ్ల నుంచి 10, 15 సెంటీమీటర్లు మెల్లగా దూరం జరపండి. రెండు వృత్తాలు విడిపోయి కనిపిస్తాయి, రెండింటిలోనూ గీత ఒకే ఎత్తులో సాగాలి. ఒకదాంట్లో మెట్టు దిగినట్టుంటే అది వద్దు. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఆగకుండా చూసి దించండి. దించిన క్షణంలో కళ్లు లాగినట్టయినా అదే జబ్బు.

చేయి చాపి, జతను వెలుతురు వైపు పట్టి ఐపీస్‌లలో వెలుగు చుక్కలు చూడండి. గుండ్రంగా ఉంటే ప్రిజం బీఏకే4 అనే మేలురకం గాజు కావొచ్చు. అంచులు చదునుగా కోసినట్టు బూడిదరంగులో ఉంటే తక్కువ రకం. చివరగా, దీపాల వెలుగులో అన్ని జతలూ బాగానే ఉంటాయి. వీలైతే సాయంత్రం వెళ్లి బయటికి తెచ్చి, సూర్యుడు దిగేవైపు నీడలో ఉన్న పొదను చూడండి. సూర్యుణ్ని మాత్రం పొరపాటున కూడా కాదు. పొద మీద పాలు పోసినట్టు తెల్లటి పొర కనిపిస్తే లోపలి గోడల నలుపు సరిగా వేయలేదు.

వాడకం, నిలకడ

బైనాక్యులర్స్ ఉన్నది తుపాకీ ఎత్తకుండా చూడటానికి. రైఫిల్ స్కోపుతో వెతకడమంటే, ఏమిటో ఎవరో తెలియని దానివైపు తూటా నింపిన తుపాకీ తిప్పడమే. అనుమతీ సీజనూ ఉన్న వేటలో కూడా ఆడదా మగదా, వెనకాల ఎవరైనా ఉన్నారా అన్నవి ముందు ఈ జతతోనే తేలాలి.

మెడ స్ట్రాప్ తీసేసి ఛాతీ పట్టీ వేసుకోండి. వంగినప్పుడు జత ఊగి రాళ్లకు కొట్టుకోదు. అలైన్‌మెంట్‌ను కాపాడటంలో ఏ వారంటీ కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. ముందు కీలు మీది మూత విప్పితే ఎక్కువ జతల్లో పావు అంగుళం మర ఉంటుంది, అడాప్టర్‌తో స్టాండుకు ఎక్కించవచ్చు.

అద్దం మీద ఇసుక ఉండగా బట్టతో తుడిస్తే పూత గీసుకుపోతుంది. ముందు గాలి బల్బుతో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, అప్పుడు లెన్స్ ద్రవం ఒక చుక్క గుడ్డ మీద వేసి మధ్య నుంచి అంచుకు తుడవాలి. అద్దం మీద నేరుగా చుక్క వేయొద్దు. వాటర్‌ప్రూఫ్ జతకు బురద అంటితే పంపు కింద సన్న ధారలో కడిగేయొచ్చు. తడిసిన జతను మూతలు పెట్టకుండా గదిలో ఆరనిచ్చి, పూర్తిగా ఆరాకే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. తడి సంచిలోనే వదిలేస్తే ఫంగస్ పడుతుంది, అది పూతను తినేశాక తుడిచినా మచ్చ పోదు.

రెండు బొమ్మలు కనిపించడం మొదలైతే స్క్రూలు విప్పొద్దు. కొన్ని జతల్లో రబ్బరు తొడుగు కింద చిన్న సర్దుబాటు మరలుంటాయి, వాటిని కొలిమేటర్ అనే పరికరం ముందు పెట్టి తిప్పాలి. కంటి అందాజుకు తిప్పితే కీలు ఒక విప్పు దగ్గర సరిపోయి ఇంకో విప్పు దగ్గర తప్పుతుంది. పైగా ఒళ్లు ఊడదీస్తే లోపలి వాయువు పోతుంది, వారంటీ కూడా పోవచ్చు. కంపెనీకి పంపేటప్పుడు ఏ దూరంలో, ఏ వైపు తేడా కనిపిస్తోందో కాగితం మీద రాసి లోపల పెట్టండి.